రెండు జతల చేతులు, ఒక యంత్రం

1983 జనవరిలో అమెరికాలోని ఆనహైమ్ నగరంలో సంగీత వాద్యాల వ్యాపారుల ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక కంపెనీ కీబోర్డుకీ మరో కంపెనీ కీబోర్డుకీ మధ్య ఒక తీగ కలిపారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండోది కూడా పలికింది. ఒకటి ప్రాఫెట్–600, రెండోది జూపిటర్–6. ఆ తీగలో నడిచిన సంకేతాల పద్ధతికి మిడి అని పేరు పెట్టారు. ఈ రోజు ప్రపంచంలో చాలా స్టూడియోల్లో పాట తయారయ్యేటప్పుడు ఆ పద్ధతి ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది.

అదే ఏడాది ‘ప్రళయ గర్జన’ అనే తెలుగు సినిమా వచ్చింది. దానికి ముప్పై ఏళ్లు నిండని ఇద్దరు యువకులు కలిసి సంగీతం చేశారు. ఒకరు తోటకూర సోమరాజు, మరొకరు సాలూరి కోటేశ్వరరావు. తెలుగువాళ్లకి వాళ్లు రాజ్–కోటి. ఆనహైమ్‌లో జరిగినదానికీ మద్రాసులో మొదలైనదానికీ అప్పటికి ఏ సంబంధమూ లేదు. అయిదారేళ్లు తిరిగేసరికి ఆ రెండూ కలిశాయి. కలిసి, హైదరాబాద్ తూర్పు వైపున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా సాగే రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి. ఆ రోడ్డు మీద అవి ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి.

ఇద్దరే ఒక రాక్ బృందం కావడమన్నది ఆ రోజుల్లో అరుదు. మామూలుగా బ్యాండ్ అంటే డ్రమ్స్‌కి ఒకరు, బేస్ గిటార్‌కి ఒకరు, లీడ్ గిటార్‌కి ఒకరు, పాడటానికి ఒకరు ఉండాల్సిందే. 1977లో న్యూయార్క్‌కి చెందిన ఆలన్ వేగా, మార్టిన్ రెవ్ అనే ఇద్దరు ‘సూయిసైడ్’ అనే పేరుతో తొలి ఆల్బం తెచ్చారు. ఒకరు పాడేవారు. రెండోవారు కీబోర్డూ, తాళం వేసే యంత్రమూ నడిపేవారు. గిటార్ లేని రాక్ సంగీతాన్ని చూసి మండిపడ్డ జనం వేదిక మీదికి చేతికందిన వస్తువులు విసిరేవారు. మరో నాలుగేళ్లకి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆర్ట్ చదువుకున్న మార్క్ ఆల్మండ్, డేవ్ బాల్ ‘సాఫ్ట్ సెల్’ పేరుతో ఒక పాత అమెరికన్ పాటని సింథసైజర్ మీద తిరగరాశారు. 1981లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

వీళ్ల వెనక పంక్ అనే రాక్ ధోరణి ఉంది. సంగీతం నేర్చుకోకపోయినా సరే, చెప్పాల్సిందుంటే వేదిక ఎక్కవచ్చని 1976, 77ల్లో పంక్ కుర్రాళ్లు నిరూపించారు. వాళ్ల తరువాత వచ్చినవాళ్లు ఆ తెగువని ఉంచుకుని గిటార్‌ని పక్కన పెట్టారు. పోస్ట్ పంక్ అని పిలిచే ఆ ధోరణిలో ఒక కొమ్మ యంత్రాల వైపు పోయింది. తాళం వేసే యంత్రం అలిసిపోదు, లయ తప్పదు. దాన్ని కొంటే డ్రమ్మర్ అక్కర్లేదు. బేస్ కూడా కీబోర్డే పలికిస్తే ఇంకో మనిషి తగ్గుతాడు. చివరికి మిగిలేది ఇద్దరు. ఇద్దరే కనక వేదిక ఖాళీగా కనిపించకుండా చూసుకోవాల్సిన భారం కూడా వాళ్లదే. అందుకే ఈ యంత్రసంగీతపు, అంటే ఎలక్ట్రోపాప్ జంటలు ప్రదర్శనలో అంత చెమటోడుస్తాయి. మన దేశంలో 2012లో ముంబైలో సబా ఆజాద్, ఇమాద్ షా కలిసి మొదలుపెట్టిన ‘మ్యాడ్‌బాయ్/మింక్’ని చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు.

తెలుగులో ఇలాంటి జంట ఎవరని అడిగితే నా జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. యంత్రాన్ని తెలుగు పాటలోకి తెచ్చి స్థిరపరిచిన జంట రాజ్–కోటి. అయితే వాళ్లు సంగీతపు ఇళ్లలో పుట్టిన వారసులు, సినిమా మనుషులు. స్వతంత్రంగా, ఎవరి అనుమతీ లేకుండా, చెవితో నేర్చుకున్న విద్యతో ఆ యంత్రాన్ని జనం మధ్యకి తెచ్చినవాళ్లు వేరే. వాళ్లు పెళ్లి ఊరేగింపుల్లో వాయించే ప్యాడ్ బ్యాండ్ కుర్రాళ్లు. మొదటివాళ్ల చరిత్ర సినిమా టైటిళ్లలో ఉంది. రెండోవాళ్ల చరిత్ర ఎక్కడా రాసిలేదు.

ఇద్దరు తండ్రులు, ఒక పాత జంట

రాజ్ తండ్రి టి.వి.రాజు. ఎన్టీఆర్‌కి మద్రాసు తొలినాళ్ల నుంచీ స్నేహితుడు. ‘జయసింహ’ (1955), ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966) వంటి సినిమాల సంగీతం ఆయనది. కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఆయన గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి.

రాజేశ్వరరావు 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో బాలకృష్ణుడిగా తెరమీదికి వచ్చారు. అప్పటికి పదమూడేళ్లు. ఆ తరువాత ఆయన సినిమాలతో ఆగలేదు. రావు బాలసరస్వతీ దేవితో కలిసి గ్రామఫోన్ రికార్డుల కోసం యుగళగీతాలు పాడారు. అవి ఏ సినిమాలోవీ కావు. కథ లేదు, పాత్రలు లేవు, నిర్మాత చెప్పిన సందర్భం లేదు. రెండు గొంతులు, కొద్దిపాటి వాద్యాలు, మూడు నిమిషాల పాట. ఇంటింటా గ్రామఫోన్ల మీద తిరిగిన ఆ రికార్డుల్ని మనం లలిత సంగీతం అని పిలుస్తున్నాం. తెలుగులో స్వతంత్ర పాప్‌కి పునాది అక్కడే పడిందని నా నమ్మకం. 1940లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘ఇల్లాలు’లో ఆ ఇద్దరూ నటించారు కూడా. అప్పటికి బాలసరస్వతికి పన్నెండేళ్లు. ఇండీ అని పిలిచే స్వతంత్ర సంగీతమంటే నిన్నమొన్న నగరాల కాఫీ షాపుల్లో పుట్టిందనుకునేవాళ్లు ఒకసారి ఆ రికార్డులు వెతికి వినాలి. మైకుకి ఎంత దగ్గరగా, ఎంత తక్కువ గొంతుతో పాడవచ్చో ఆ ఇద్దరికీ అప్పుడే తెలుసు.

అలాంటి ఇంటి నుంచి కోటి వచ్చారు. టి.వి.రాజు 1973లో చనిపోయేనాటికి రాజ్‌కి ఇంకా ఇరవై నిండలేదు. ఆ ఇద్దరినీ కలిపింది సంగీత దర్శకుడు చక్రవర్తి. ‘వేటగాడు’ (1979), ‘ప్రేమాభిషేకం’ (1981) రోజుల్లో చక్రవర్తి ఏడాదికి ఎన్ని సినిమాలు చేసేవారో లెక్కపెట్టడమే కష్టం. అంత పని ఒక్క మనిషి వల్ల కాదు కాబట్టి ఆయన దగ్గర సహాయకుల బడి ఒకటి తయారైంది. మన గాయకుడు మనో ఆ బడిలోవాడే. తరువాతి కాలంలో కీరవాణి కూడా ఆ గుమ్మమే ఎక్కారు. రాజ్, కోటి అక్కడ నేర్చుకున్నది వేగం. ఉదయం బాణీ కడితే మధ్యాహ్నానికి నోట్స్ రాసి, సాయంత్రానికి పాట రికార్డు చేయాలి. ఆ ఒత్తిడిలో పెరిగినవాడికి, చెప్పిన పని చెప్పినట్టు ఎన్నిసార్లయినా చేసిపెట్టే యంత్రం ఎంత ముద్దొస్తుందో ఊహించుకోవచ్చు.

దిలీప్ అనే కుర్రవాడు

1980ల నడుమ మద్రాసు స్టూడియోల్లో పెద్ద మార్పు వచ్చింది. యమహా కంపెనీ డీఎక్స్–7 అనే కీబోర్డుని 1983లో అమ్మకానికి పెట్టింది. గంటలు, లోహపు తీగలు, గాజు మీద తట్టినట్టుండే చప్పుళ్లు దానిలో పలికేవి. అంతకు మూడేళ్ల ముందే జపాన్ కంపెనీ రోలాండ్ నుంచి టీఆర్–808 అనే తాళయంత్రం వచ్చింది. దాని అడుగు దెబ్బ ఛాతీలో తగిలేది. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు 1982లోనే రోలాండ్ యంత్రాలతో పది రాగాల్ని డిస్కో లయకి వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత యూరప్ క్లబ్బులు ఆ రికార్డుని కళ్లకద్దుకున్నాయి.

దక్షిణాదిలో కంప్యూటర్ సంగీతమన్న మాట ఇళయరాజా ‘పున్నగై మన్నన్’ (1986)తో జనంలోకి వచ్చింది. తెలుగులో అదే ‘డాన్స్ మాస్టర్’. అదే ఏడాది కృష్ణ ‘సింహాసనం’ కోసం బొంబాయి నుంచి బప్పీ లహరిని తెచ్చి, 70 ఎం.ఎం. తెర మీద ఆరు ట్రాకుల స్టీరియోతో తెలుగు థియేటర్‌ని దద్దరిల్లజేశారు. డిస్కో అప్పటికే ఉంది. కానీ అది అతిథిగా వచ్చి పోయేది. దాన్ని తెలుగు పాట అలవాటుగా మార్చడానికి ఇక్కడి ఇల్లు, ఇక్కడి చెవి ఉన్నవాళ్లు కావాల్సి వచ్చింది.

రాజ్–కోటి బృందంలో కీబోర్డు దగ్గర దిలీప్ అనే కుర్రవాడు ఉండేవాడు. తనకి తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఆర్.కె.శేఖర్ పోతే, ఇల్లు గడవడం కోసం చిన్నప్పుడే స్టూడియోల్లో వాయించడం మొదలుపెట్టినవాడు. కీబోర్డు వాయించడమే కాదు, యంత్రంలోకి లయని ముందుగా ఎక్కించే ప్రోగ్రామింగ్ కూడా అతనికి తెలుసు. కొన్నేళ్లపాటు రాజ్–కోటి పాటల వెనక అతని వేళ్లున్నాయి. 1992లో ‘రోజా’ వచ్చినప్పుడు దేశమంతా అతన్ని ఎ.ఆర్.రెహమాన్‌గా కొత్తగా కనుక్కుంది. తెలుగు శ్రోతల చెవి మాత్రం అప్పటికే అతని చప్పుళ్లకి అలవాటుపడి ఉంది. ఈ సంగతిని మనం తగినంత గర్వంతో చెప్పుకోలేదనిపిస్తుంది.

1988లో ‘యముడికి మొగుడు’ విడుదలైంది. చిరంజీవి, రవిరాజా పినిశెట్టి. రాజ్–కోటి జాతకం ఆ సినిమాతో మారిపోయింది. అదే సంవత్సరం ‘ఖైదీ నంబర్ 786’, ‘త్రినేత్రుడు’, మరుసటి ఏడాది దాసరి నూరో సినిమా ‘లంకేశ్వరుడు’, ‘బాలగోపాలుడు’, ‘జయమ్ము నిశ్చయమ్మురా’. 1990లో ‘కర్తవ్యం’, ‘రాజా విక్రమార్క’. 1993లో ‘ముఠామేస్త్రి’, ‘బంగారు బుల్లోడు’, ‘బావ బావమరిది’. మొత్తం వందకి పైగా సినిమాలు. అన్నీ గొప్పవని నేననను. గడువు మెడమీద కత్తిలా ఉండగా కట్టిన బాణీలు గడువులాగే వినిపిస్తాయి. కానీ మంచివి వింటే ఆ జంట పనితనం తేటగా తెలుస్తుంది. అడుగున సింథసైజర్ బేస్ నడుస్తుంది. దాన్ని అంటిపెట్టుకుని యంత్రపు దెబ్బ. దాని మీద డోలక్, తబలా మాత్రం మనుషులు వాయించినవే. పల్లవి పాదం ముగిసి రెండోది ఎత్తుకునేలోపు ఉన్న చిన్న ఖాళీలో సింథ్ బ్రాస్ చురుక్కుమని పొడిచి తప్పుకుంటుంది. ఇంత యంత్రం మధ్య బాలు, చిత్ర గొంతుల్లో నవ్వు, నిట్టూర్పు, కొంటెతనం ఎక్కడా ఎండిపోవు.

ఈ కలయిక రాజ్–కోటి సొంతం. ఐరోపా ఎలక్ట్రోపాప్ యంత్రపు చల్లదనాన్ని దాచుకోలేదు, పైగా దాన్నే అందంగా చూపించింది. ‘క్రాఫ్ట్‌వెర్క్’ అనే జర్మనీ బృందపు సభ్యులు వేదిక మీద కదలకుండా బొమ్మల్లా నిలబడేవారు. మన జంట యంత్రాన్ని అడుగున పరిచి, దాని మీద మనుషుల్ని ఆడించింది. చక్రవర్తి దగ్గర నేర్చిన మాస్ లయ, రాజేశ్వరరావు ఇంటి మెలొడీ, డీఎక్స్–7 చప్పుడు ఒకే పాటలో సర్దుకుపోవడం సామాన్యం కాదు. పైగా ఒకే సినిమాలో ఈల వేయించే పాట పక్కన కళ్లు మూసుకుని వినాల్సిన పాట ఉండేది. ‘గోవిందా గోవిందా’ (1994) విన్నవాళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

అదే 1994లో ఇ.వి.వి.సత్యనారాయణ ‘హలో బ్రదర్’ వచ్చింది. నాగార్జున కవలలుగా ద్విపాత్రాభినయం చేశారు. ఒకరు కదిలితే రెండోవారూ కదులుతారు. దానికి పాటలిచ్చిన జంట మాత్రం ఆ తరువాత విడిపోయింది. 1995లో రాజ్ ఒంటరిగా ‘సిసింద్రీ’ చేశారు, కోటి ఒంటరిగా ‘పెదరాయుడు’ చేశారు. కోటి ఆ తరువాత ‘నువ్వే కావాలి’, ‘నువ్వు నాకు నచ్చావ్’తో మరో తరాన్ని గెలిచారు. రాజ్ నెమ్మదిగా తెర వెనక్కి వెళ్లారు. 2023 మే 21న హైదరాబాద్‌లో కన్నుమూశారు. పత్రికలు రాసిన నివాళుల్లో ప్రతిచోటా ఆయన పేరు పక్కన ఇంకో పేరు ఉంది. విడిపోయి దాదాపు ముప్పై ఏళ్లయినా జనం నోట ఆ రెండు పేర్ల మధ్య చిన్న గీత చెరగలేదు.

తూర్పు రోడ్డు

విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే బస్సు ఊళ్లో ఆగే తొలి చోట్లలో ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ఉంటాయి. నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట, కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి హైదరాబాద్ అక్కడే మొదలవుతుంది. చాలామంది మరింత లోపలికి పోలేదు, అక్కడే దిగి అక్కడే ఉండిపోయారు. గడ్డిఅన్నారం, కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీలు అలా నిండాయి. 2001 జనాభా లెక్కలనాటికి ఎల్.బి.నగర్ మున్సిపాలిటీ ఒక్కదానిలోనే రెండున్నర లక్షలకి పైగా మనుషులున్నారు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు కలిసిపోయిన పన్నెండు మున్సిపాలిటీల్లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం రెండూ ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ అని వరసగా స్టేషన్ల పేర్లు వినిపిస్తాయి.

ఇది కొత్తగా వచ్చిన కుర్రాళ్ల ప్రాంతం. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, పుస్తకాల కొట్లు. సినిమా ఆ కుర్రాళ్లకి వారాంతపు ఊపిరి. కోణార్క్, వెంకటాద్రి, మేఘా, రాజధాని, గంగా అని థియేటర్ల పేర్లు చెబితే నడివయసు దాటిన ఎవరికైనా దిల్‌సుఖ్‌నగర్ మొత్తం కళ్లముందు నిలుస్తుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రిల దగ్గరే బాంబులు పేలాయి. టిఫిన్ తినడానికో, బస్సు ఎక్కడానికో వచ్చిన మామూలు మనుషులు, చదువుకుంటున్న పిల్లలు చనిపోయారు. ఆ పేర్లు వార్తల్లో దేశమంతా విన్నది అప్పుడు. అక్కడివాళ్లకి మాత్రం అవి మొదటినుంచీ పాటల పేర్లు.

థియేటర్‌లో విన్న పాట వీధిలోకి ఎలా వచ్చిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మొదట క్యాసెట్ తెచ్చింది. తరువాత వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు తెచ్చాయి. అయితే రాజ్–కోటి పాటని ఆర్కెస్ట్రా వాయించబోతే ఒక చిక్కు వచ్చేది. వయొలిన్లు, హార్మోనియం, డోలక్‌తో ఘంటసాల పాట నడిపించవచ్చు. సింథసైజర్ మీద పుట్టిన పాటకి సింథసైజరే కావాలి. కాబట్టి ఆర్కెస్ట్రాల్లోకి కీబోర్డు వచ్చింది. దాని వెంట ప్యాడ్ వచ్చింది.

ఎనిమిది రబ్బరు గళ్లు

రోలాండ్ కంపెనీ 1985లో ఆక్టోప్యాడ్ అనే పరికరాన్ని తెచ్చింది. పుల్లలతో కొట్టడానికి ఎనిమిది రబ్బరు గళ్లు. మొదటి ఆక్టోప్యాడ్‌కి సొంత చప్పుడు లేదు. కొట్టిన దెబ్బని మిడి తీగ ద్వారా ఇంకో యంత్రానికి చేరవేస్తుంది, ఆ యంత్రం పలుకుతుంది. ఆనహైమ్‌లో కలిపిన తీగ ఇక్కడికి వచ్చిందన్నమాట. తరువాతి నమూనాల్లో వందలకొద్దీ చప్పుళ్లు లోపలే వచ్చాయి. ఒక గడిలో డప్పు, ఒక గడిలో డోలక్, ఒకదానిలో చప్పట్లు, ఒకదానిలో పెద్ద డ్రమ్ము. ఇద్దరు ముగ్గురు వాద్యకారుల పని ఒకడి చేతుల్లోకి వచ్చింది.

అప్పటిదాకా హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో రెండు దారులుండేవి. బ్యాండు మేళమైతే క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములతో పదిహేను ఇరవై మంది. లేదంటే మర్ఫా. బార్కస్ ప్రాంతపు అరబ్బు సంతతివాళ్లు, ఏసీ గార్డ్స్ సిద్దీలు నిజాం కాలం నుంచి కాపాడుకుంటూ వచ్చిన లయ అది. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా మోగకపోతే పెళ్లి జరిగినట్టే కాదు. తీన్‌మార్ అని మనం కాళ్లాడించే నడక ఆ మర్ఫాతో పెనవేసుకున్నదే. ప్యాడ్ బ్యాండ్ ఈ రెండు దారుల్నీ కలిపి, మీద సినిమా పాటని పెట్టింది.

ప్యాడ్ బ్యాండ్‌ని చూడనివాళ్ల కోసం చెబుతాను. ఒక వ్యాన్. దాని మీద స్పీకర్ల దొంతర, లైట్లు, జనరేటర్. ముందు భాగంలో ఒకడు కీబోర్డు దగ్గర, మరొకడు స్టాండు మీద ప్యాడ్ పెట్టుకుని నిలబడి. పాడేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, మారుతుంటారు, కొన్నిసార్లు ఉండరు. ప్రాణం మాత్రం ఆ ఇద్దరే. కీబోర్డు కుర్రాడు ఎడమచేత్తో బేస్ నడుపుతూ కుడిచేత్తో పాట పల్లవి వాయిస్తాడు. గాయకుడు లేకపోతే పాట మొత్తం ఆ వేళ్లే పాడతాయి. ప్యాడ్ కుర్రాడు వ్యాన్ ముందు ఆడుతున్న జనం కాళ్లని చూస్తూ ఉంటాడు. పెళ్లికొడుకు స్నేహితులు ఊపు తగ్గించారనిపిస్తే ఒక విరుపు ఇచ్చి తీన్‌మార్‌లోకి దూకుతాడు. మేనమామ వచ్చి కలిశాడంటే ఆయన వయసుకి తగ్గ పాట కోసం కీబోర్డు వైపు ఒక చూపు. ఆ చూపులోనే పాట మారిపోతుంది. కాగితం మీద నోట్స్ లేవు. ఏ పాట తరువాత ఏ పాటో ముందు అనుకున్నది ఉండదు. ముందున్న జనం ఎటు తీసుకుపోతే అటు.

ఇంత చెమటతో, ఇంత చురుకుగా, రెండు జతల చేతులతో నడిచే ప్రదర్శన ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగి ఉంటే దాని మీద పుస్తకాలు వచ్చేవి. వీళ్లలో ఎక్కువమంది సంగీతం పాఠశాలలో నేర్చుకున్నవాళ్లు కాదు. అన్న వాయిస్తుంటే చూసి, పాత కీబోర్డు ఒకటి అప్పుచేసి కొని, క్యాసెట్ వెనక్కీ ముందుకీ తిప్పి వింటూ పట్టుకున్నవాళ్లు. పోస్ట్ పంక్ అని పడమటివాళ్లు మెచ్చుకున్న ఆ తెగువ, చదువు లేకున్నా యంత్రాన్ని లొంగదీసుకునే ఆ మొండితనం వీళ్లకి ఎవరూ నేర్పలేదు. వీళ్లు న్యూయార్క్ పేరుకూడా ఆ సందర్భంలో విని ఉండరు. అవసరం ఒకటే అయినప్పుడు ఇద్దరు మనుషులు ఎక్కడున్నా ఒకే దారి కనిపెడతారు.

స్వతంత్ర సంగీతమని పేరుపడ్డ పాయ ఒకటి పక్కనే సాగింది. 1990ల రెండో సగంలో రమణ గోగుల సొంత బృందంతో తెలుగు పాప్ ఆల్బం చేసి, అక్కడినుంచి ‘ప్రేమంటే ఇదేరా’ (1998) ద్వారా సినిమాలోకి వెళ్లారు. 2000 ప్రాంతంలో స్మిత పాప్ గాయనిగా నిలబడ్డారు. తరువాతి కాలంలో హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ సొంత పాటలు కట్టింది, దాని గాయకుడు రామ్ మిర్యాల కూడా సినిమాకే చేరారు. తెలుగులో స్వతంత్ర సంగీతం చివరికి సినిమా గేటు దగ్గరే ఆగుతుందని ఇక్కడ కనబడుతుంది. ప్యాడ్ బ్యాండ్ మాత్రం ఆ గేటు వైపు చూడలేదు. సినిమా పాటని తీసుకుని తన పని చేసుకుపోయింది.

ప్యాడ్ బ్యాండ్ రాకకి ఒక మూల్యం ఉంది, దాన్ని దాటేయకూడదు. గడిలో డప్పు చప్పుడు ఉందంటే ఆ రాత్రి ఒక డప్పు కళాకారుడికి పని లేదని అర్థం. క్లారినెట్ కీబోర్డులోకి వెళ్లిన రోజున బ్యాండు మేళంలోని పెద్దాయన ఇంట్లో కూర్చున్నాడు. తరతరాలుగా ఒక కులం వాళ్ల చేతుల్లో ఉన్న వాద్యం ఎవరి చేతికైనా దక్కడం ఒక రకంగా విడుదల. ఆ కులం వాళ్ల కూడు పోవడం మాత్రం నష్టమే. రెండూ ఒకేసారి జరిగాయి. తెలంగాణ ఉద్యమపు ధూంధాం వేదికలు డప్పుకి మళ్లీ గౌరవం తెచ్చాయి కానీ పెళ్లి ఊరేగింపుల కూలీని తిరిగి తేలేకపోయాయి.

ఇప్పుడు ప్యాడ్ బ్యాండ్ కూడా అదే గండంలో ఉంది. దాని పని లాప్‌టాప్‌కి పోతోంది. డీజే వ్యాన్‌లో ఇద్దరక్కర్లేదు, ఒక్కడు చాలు. ముందే మిక్స్ చేసి పెట్టుకున్న పాటలు, అంతకంతకీ పెద్దవవుతున్న స్పీకర్లు. వినాయక నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువు వైపు సాగే ఊరేగింపుల్లో ఈ మధ్యకాలంలో ఎక్కువ వినిపించింది అదే. శబ్దకాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్న పెద్దలు ఉన్న ఇళ్ల ముందు గోడలు అదిరేలా మోగించడాన్ని నేను సమర్థించను. అయితే ముందున్న జనాన్ని చూసి వాయించే మనిషికీ, బటన్ నొక్కి వదిలేసే పెట్టెకీ మధ్య తేడాని చట్టం చూడదు. మనమైనా చూడాలి. ప్యాడ్ మీద పుల్ల ఎంత గట్టిగా పడిందో అంతే పలుకుతుంది. వాయించేవాడు తలచుకుంటే తగ్గించగలడు.

రాజ్–కోటి పాటలు ఎక్కడికీ పోవు. క్యాసెట్ల నుంచి సీడీలకి, సీడీల నుంచి ఫోన్లకి వచ్చాయి, రేపు ఇంకోదానికి వస్తాయి. ప్యాడ్ బ్యాండ్ వాయించినది అలా నిలవదు. వాళ్లని స్టూడియోకి పిలిచి రికార్డు చేసినవాళ్లు అరుదు. వాళ్లు ఒక రాత్రి వాయించినది మరో రాత్రి వాయించరు. దాని ఆనవాలు ఉన్న చోటు నాకు తెలిసి ఒక్కటే, మన పెళ్లి వీడియోలు. 1990ల్లో, 2000 తొలి ఏళ్లలో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్‌లలో పెళ్లయిన కుటుంబాల బీరువాల్లో ఆ వీహెచ్ఎస్ క్యాసెట్లు ఇంకా ఉంటాయి. చూసేటప్పుడు ఊరేగింపు భాగాన్ని మనమంతా గబగబా ముందుకు తిప్పేస్తాం. అక్కడ పది, పదిహేను నిమిషాలపాటు ఇద్దరు కుర్రాళ్లు అప్పటి హిట్ పాటని తమదిగా చేసుకుని వాయించడం రికార్డయి ఉంటుంది, వెనక వ్యాన్ మీద బృందం పేరుతో సహా.

ఆ టేపు మీది అయస్కాంతపు పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. ఇప్పటికే చాలావాటిలో బొమ్మ చెదిరి, చప్పుడు సన్నబడి ఉంటుంది. వాటిని డిజిటల్‌లోకి మార్చే దుకాణాలు ఊళ్లో ఇంకా కొన్ని ఉన్నాయి. మార్చేటప్పుడు ఊరేగింపు భాగం కత్తిరించవద్దని అడగండి. కొందరు నిడివి తగ్గించడానికి ముందు తీసేసేది దాన్నే. వ్యాన్ మీద పేరు కనిపిస్తే రాసిపెట్టండి, పెళ్లి తేదీ, ఊరేగింపు నడిచిన వీధి కూడా రాయండి. ఆ కీబోర్డు వాయించిన మనిషి అదే కాలనీలో ఇప్పుడు ఇంకో పని చేసుకుంటూ ఉండవచ్చు. దొరికితే ఆ వీడియో ఒక ప్రతి ఆయనకీ ఇవ్వండి.